పక్షవాతం తర్వాత ఇంటి సంరక్షణ: పరిశోధనలు ఏం తేల్చాయి, మనం ఏం చేయాలి

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న తర్వాత మిగిలిన వైద్యంలో సింహభాగం కుటుంబం చేతుల మీదుగానే జరుగుతుంది. డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీ, ఫిజియోథెరపిస్టు వార్డులో హడావుడిగా చూపించిన రెండు మూడు కసరత్తులు తప్ప వాళ్ళ దగ్గర మరే ఆధారమూ ఉండదు. ఆ లోటును చూడవచ్చినవాళ్ళ సలహాలు భర్తీ చేస్తాయి: ఒకరు నూనె మర్దనా చేయించమంటారు, ఒకరు ఫలానా ఊళ్ళో నాటుమందు ఇస్తారంటారు, మరొకరు వెంటనే లేపి నడిపించకపోతే కాలు బిగుసుకుపోతుందని భయపెడతారు.

ఎప్పుడు లేపాలి, ఎలా తినిపించాలి, పడిపోయిన చేతిని ఎలా వాడించాలి అన్న ఈ రోజువారీ పనులనే గత కొన్ని దశాబ్దాల్లో అనేక విశ్వవిద్యాలయాలు వందల, వేల మంది రోగుల సహకారంతో పరీక్షించి చూశాయి. ఫలితాలు కొన్నిచోట్ల మన ఊహకు తగ్గట్టు వచ్చాయి, కొన్నిచోట్ల పూర్తిగా ఎదురుతిరిగాయి. వాటన్నిటినీ చదివాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: రోగికి ఎంత ఎక్కువ చేస్తే అంత మేలు అనుకోవడం పొరపాటు, ఏ పని ఏ సమయంలో ఏ మోతాదులో చేయాలన్నదే అసలు విషయం. ఇక్కడ చెప్పేదంతా డాక్టర్లు ఇంటికి పంపదగిన స్థితిలో ఉన్నాడని తేల్చిన రోగి గురించి. మీ రోగి విషయంలో తుది మాట అతన్ని చూసిన డాక్టరుదే.

మింగుడు: అన్నిటికంటే ముందు చూసుకోవలసినది

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 19 స్ట్రోక్ యూనిట్లలో (పక్షవాతం రోగుల ప్రత్యేక వార్డుల్లో) జరిగి 2011లో వెలువడిన ఒక అధ్యయనాన్ని ముందుగా చెప్పాలి. శాండీ మిడిల్టన్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ నాయకత్వంలో జరిగిన ఈ అధ్యయనంలో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. నర్సులు మొదటి మూడు రోజులూ జ్వరాన్ని, షుగరును ఓ కంట కనిపెట్టి వెంటనే అదుపు చేయడం, నోటి ద్వారా ఏదైనా ఇచ్చేముందు మింగుడును పరీక్షించడం, అంతే చేశారు. ఈ పద్ధతి పాటించిన యూనిట్లలో 90 రోజుల తర్వాత చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి 42 శాతం ఉండగా, పాటించని చోట 58 శాతం ఉన్నారు. పక్షవాతం చికిత్సలో ఇంత తేడా తెచ్చిన మందులు అరుదు.

ఆ మూడు రోజులూ ఆసుపత్రిలోనే గడిచిపోతాయి కాబట్టి ఇంట్లోవాళ్ళు అందులోంచి నేర్చుకోవలసింది మింగుడు సంగతి, జ్వరం సంగతి. డిశ్చార్జికి ముందే "మింగుడు పరీక్ష చేశారా, ఏవి తినవచ్చు, ఏవి కూడదు" అని అడిగి రాయించుకోవాలి. ముక్కు గొట్టంతో ఇంటికి వచ్చిన మనిషికి, గొట్టం తీయవచ్చని ఆసుపత్రివాళ్ళు చెప్పేదాకా, "పాపం, నోరు ఎండిపోతోంది" అని గ్లాసుతో నీళ్ళు పోయకూడదు. గొంతు కండరాలు బలహీనపడిన మనిషికి పలుచని నీళ్ళే అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అవి వేగంగా జారి, శ్వాసనాళం మూసుకునేలోపే అందులోకి పోతాయి.

తినిపించేటప్పుడు మంచం మీద వాల్చి కాకుండా, కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టాలి. చిన్న చెంచాతో, మూతి సరిగ్గా ఉన్న వైపు నుంచి, కొద్దికొద్దిగా పెట్టాలి. ఒక ముద్ద పెట్టాక గొంతుముడి పైకి లేచి దిగేదాకా ఆగాలి. దిగిందో లేదో అనుమానం వస్తే "ఆ" అనమని వినాలి. గొంతులో నీళ్ళు నిలిచినట్టు గరగరగా వినిపిస్తే ముద్ద ఇంకా అక్కడే ఉందని అర్థం. పొలమారితే మనకు తెలుస్తుంది కదా అనుకుంటారు కానీ, కొందరు రోగులలో ఆహారం ఊపిరితిత్తుల వైపు పోతున్నా దగ్గే రాదు; అందుచేత దగ్గు లేకపోవడం క్షేమానికి గుర్తు కాదు. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోవడం మామూలే కనుక భోజనం అయ్యాక నోరు తెరిపించి చూసి, తడిగుడ్డ చుట్టిన వేలితో తీసేయాలి. ఆ తర్వాత అరగంటసేపు పడుకోబెట్టకూడదు. టీవీ ముందు కూర్చోబెట్టి, కబుర్లు చెబుతూ తినిపించే అలవాటుంటే మానుకోవడం మంచిది.

మన వంటల్లో తెలియక జరిగే పొరపాటు చారన్నం. రోగికి తేలిగ్గా జీర్ణమవుతుందని దానితోనే మొదలుపెడతారు. పలుచని ద్రవమూ, గట్టి మెతుకూ ఒకే ముద్దలో ఉన్నప్పుడు చారు ముందుగా గొంతులోకి జారిపోతుంది, మెతుకు నోట్లోనే ఉండిపోతుంది. బలహీనపడిన గొంతుకు ఈ రెంటినీ ఒకేసారి సంబాళించడం కష్టం. సాంబారులో తేలే ఇడ్లీ, పలుచని మజ్జిగన్నం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మెత్తగా ఉడికించి మెదిపిన పప్పన్నం, గట్టిగా కాచిన రాగిజావ, గడ్డపెరుగుతో కలిపి ముద్దగా చేసిన అన్నం, మిక్సీలో తిప్పిన కూర సాధారణంగా ఇంతకంటే నయం. అయితే ఎంత చిక్కగా ఉండాలన్నది మింగుడును పరీక్షించిన స్పీచ్ థెరపిస్టు చెప్పాలి.

జపాన్‌లోని వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళపాటు సాగించి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ప్రతి భోజనం తర్వాత పళ్ళు తోమించిన వృద్ధులకు న్యుమోనియా తక్కువగా వచ్చినట్టు తేలింది. నోటిలోని క్రిములే లాలాజలంతో పాటు ఊపిరితిత్తులకు చేరడం దీనికి కారణం. కాబట్టి ముక్కు గొట్టంతో తింటున్న మనిషికి కూడా, నోటితో ఏమీ తినడం లేదు కదా అని ఊరుకోకుండా, రెండు పూటలా పళ్ళు, నాలుక శుభ్రం చేయాలి. ఇంటికి వచ్చాక ఒళ్ళు వెచ్చబడి, కఫంతో దగ్గు మొదలైతే జలుబని సరిపెట్టుకోకుండా ఆ రోజే చూపించాలి.

లేపడం, పడుకోబెట్టడం

2015లో వెలువడిన అవర్ట్ అనే పరీక్ష, మెల్‌బోర్న్‌లోని ఫ్లోరీ సంస్థకు చెందిన జూలీ బెర్న్‌హార్ట్ నేతృత్వంలో ఐదు దేశాల్లో 2,104 మంది మీద జరిగింది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువసార్లు, ఎక్కువసేపు మంచం దించి కదిలిస్తే త్వరగా కోలుకుంటారన్నది దాని వెనకున్న ఆశ. ఫలితం తలకిందులైంది: అలా చేసినవారిలో 46 శాతం మంది మూడు నెలలకు బాగా కోలుకుంటే, మామూలు పద్ధతిలో చూసినవారిలో 50 శాతం మంది కోలుకున్నారు. తర్వాత అదే సమాచారాన్ని మళ్ళీ విశ్లేషించినప్పుడు, ఒకేసారి ఎక్కువసేపు కాకుండా కొద్దికొద్దిసేపు ఎక్కువసార్లు లేపడం మేలని కనిపించింది. మంచంలోనే ఉంచేయమని దీని అర్థం కాదు. మొదటి రోజుల్లో తొందరపడవద్దని, ఆ తర్వాత కూడా గంటసేపు ఒక్కసారి కూర్చోబెట్టే బదులు పది, పదిహేను నిమిషాల చొప్పున రోజులో నాలుగైదు సార్లు కూర్చోబెట్టమని ఇంటివాళ్ళు అర్థం చేసుకోవచ్చు.

లేపేటప్పుడు జరిగే పెద్ద హాని భుజానికి. పడిపోయిన వైపు భుజాన్ని పట్టి ఉంచే కండరాలు వదులైపోవడంతో ఎముక కీలు నుంచి కిందికి జారడానికి సిద్ధంగా ఉంటుంది. చంకల కింద చేతులు పెట్టి పైకి లాగినా, పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపినా, ఆ కీలు దెబ్బతిని నెలల తరబడి బాధపెట్టే నొప్పి మొదలవుతుంది. మనిషిని ముందు బాగున్న వైపుకు పొర్లించి, కాళ్ళు మంచం అంచు దించి, వీపు వెనక, తుంటి దగ్గర పట్టు ఇచ్చి కూర్చోబెట్టాలి. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి కిందికి వేలాడకుండా ఒడిలో దిండు మీద ఉండాలి. పైకప్పుకు గిలక కట్టి, బాగున్న చేత్తో పడిపోయిన చేతిని పైకి లాగించే కసరత్తు మన ఇళ్ళలో బాగా కనిపిస్తుంది. అది భుజం నొప్పిని పెంచుతుందని 1990లోనే ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. ఇప్పటికీ ఆ గిలకలు కొంటూనే ఉన్నారు.

కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా తొడల దాకా వేసే బిగుతు మేజోళ్ళ సంగతీ ఇలాంటిదే. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నడిపిన పరీక్షలో, వేసుకున్నవారికీ వేసుకోనివారికీ గడ్డల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేకపోగా, వేసుకున్నవారి చర్మానికి పుండ్లు ఎక్కువయ్యాయని 2009లో తేలింది. అదే బృందం 2013లో, గాలితో ఉబ్బి తగ్గే తొడుగులు మాత్రం పనిచేస్తాయని చూపింది. అవి ఆసుపత్రిలో కదలలేని స్థితిలో ఉన్నవారికి వాడేవి. డాక్టరు ప్రత్యేకంగా రాయకపోతే మేజోళ్ళ మీద డబ్బు పెట్టనవసరం లేదు.

తనంతట తాను పొర్లలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మార్చిన ప్రతిసారీ పిరుదుల మధ్య ఎముక, మడమలు, తుంటి చూసుకోవాలి. ఎర్రబడిన చోటు వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పడకపుండు మొదలవుతున్నట్టే. దాని మీద బరువు పడనివ్వకూడదు, రుద్దకూడదు. కాపడం విషయంలో మరీ జాగ్రత్త అవసరం: స్పర్శ పోయిన చేతికి, కాలికి వేడినీళ్ళ సంచి, వేడి ఇసుక మూట పెడితే, రోగి అబ్బా అనకుండానే బొబ్బలు లేస్తాయి. నూనె మర్దనా మెల్లగా చేస్తే నష్టం లేదు, కానీ దానితో నరాలకు బలం వస్తుందనుకుని కసరత్తులు మానేస్తే నష్టమే.

చెయ్యి వాడించడం

పడిపోయిన చెయ్యి కొంచెం కదలడం మొదలుపెట్టినా, పని కావాలి కాబట్టి మనిషి బాగున్న చేత్తోనే అన్నీ చేసుకుంటాడు. అలా చేస్తూపోతే మెదడు ఆ చేతిని వాడకపోవడాన్నే అలవాటు చేసుకుంటుందని అలబామా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టౌబ్ ప్రతిపాదించాడు. ఆ ఆలోచన మీద నడిచిన ఎక్సైట్ పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిలో ఒక వర్గానికి, మేలుకుని ఉన్న సమయంలో దాదాపు అంతా బాగున్న చేతికి మందపు తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించారు. రెండు వారాల శిక్షణతో వచ్చిన మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది.

అయితే ఇది అందరికీ కాదు. మణికట్టును, వేళ్ళను తనంతట తాను కాస్తయినా పైకి ఎత్తగలిగినవారినే ఆ పరీక్షలో చేర్చుకున్నారు. అసలు కదలిక లేని చేతి మీద ప్రయోగిస్తే మిగిలేది నిస్పృహే. మీ రోగి ఆ స్థాయిలో ఉన్నాడని ఫిజియోథెరపిస్టు చెబితే, రోజూ ఒక నిర్ణీత సమయంలో, పడిపోయే ప్రమాదం లేని చోట కూర్చోబెట్టి, బాగున్న చేతికి వంటింటి తొడుగు వేసి పనులు పెట్టండి. పనులు ఇంట్లోవే మేలు: చేటలోని పల్లీలు ఒక్కొక్కటిగా గిన్నెలో వేయడం, తుండుగుడ్డ మడవడం, డబ్బా మూత తిప్పడం, చొక్కా గుండీ పెట్టుకోవడం. ఒక పని సులువైపోయాక కొంచెం కష్టం చేయాలి. పల్లీల తర్వాత శనగలు, తర్వాత పెసలు. తొడుగుతో నడవనివ్వకూడదు, పడబోతే పట్టుకోవడానికి ఆ చెయ్యే దిక్కు. అందరూ కొనిచ్చే స్పాంజి బంతి వేళ్ళను మూయించే పనే చేయిస్తుంది. పక్షవాతం తర్వాత సహజంగానే ముడుచుకుపోయే వేళ్ళకు కావలసింది తెరవడం.

మాట, చూపు, మనసు

మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమ వైపు ప్రపంచమే లేనట్టవుతుంది. 1978లో ఇటలీలో ఎదొఆర్దో బిసియాక్, క్లాదియో లుజాత్తి అనే పరిశోధకులు ఇలాంటి రోగులను, మిలాన్ నగరంలోని ప్రధాన కూడలిని ఊహించుకుని వర్ణించమన్నారు. చర్చి వైపు చూస్తున్నట్టు ఊహించుకున్నప్పుడు ఎడమ వైపు భవనాలు చెప్పలేదు; చర్చి మెట్ల మీద నిలబడి ఎదురు దిక్కుకు చూస్తున్నట్టు ఊహించుకోమంటే, ఇందాక చెప్పని భవనాలన్నీ చెప్పి, చెప్పినవాటిని వదిలేశారు. కంటి లోపం కాదు, ధ్యాస లోపం అని ఇంతకంటే స్పష్టంగా చూపడం కష్టం. కంచంలో ఎడమ వైపు కూర ముట్టకుండా లేచిపోయినా, సగం గడ్డమే గీసుకున్నా మొండితనమని కసురుకోకూడదు. కంచం ఎడమ అంచున ఎర్రని గుడ్డో గ్లాసో పెట్టి "అది కనిపించేదాకా చూడండి" అని అలవాటు చేయాలి, మాట్లాడేటప్పుడు మెల్లగా ఎడమ వైపు నుంచి పలకరించాలి. మంచినీళ్ళు, పిలుపు గంట మాత్రం కుడి వైపే ఉంచాలి.

మాట పడిపోయిన మనిషికి తెలివి పోయిందనుకుని పిల్లవాడితో మాట్లాడినట్టు మాట్లాడటం చాలా ఇళ్ళలో జరుగుతుంది. "మీకు తెలుసని నాకు తెలుసు" అని ముందుగా చెప్పడం, ఒకసారికి ఒకటే ప్రశ్న వేయడం, అవును, కాదు అని తలూపితే సరిపోయేలా అడగడం, కాగితం మీద "కాఫీ", "పాలు" అని రాసి వేలితో చూపించమనడం వంటి పద్ధతులను కెనడాలోని టొరంటోలో ఆరా కాగన్ బృందం పరీక్షించి, సంభాషించేవాళ్ళకు శిక్షణ ఇస్తే రోగి మాట్లాడగలిగేదీ పెరుగుతుందని 2001లో చూపింది. వారాల పేర్లు, అంకెలు, చిన్నప్పటి పద్యాలు, దేవుడి స్తోత్రాలు కొందరికి ధారాళంగా వస్తాయి. వాటితో మొదలుపెట్టవచ్చు, అయితే పద్యం చెప్పిన మనిషి మంచినీళ్ళు అడగలేకపోతే నటిస్తున్నాడనుకోకూడదు. మన దగ్గర ఇంట్లో తెలుగు, బయట ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడినవాళ్ళు ఎందరో ఉంటారు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాతం రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన ప్రకారం, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలవగా, ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే, మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. ఏమైనా, తెలుగులో మాట దొరకనప్పుడు మరో భాషలో వస్తే సరిదిద్దకుండా రానివ్వాలి.

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి దిగులు జబ్బుగా ముదురుతుంది. తిండి మానడం, కసరత్తుకు రానని మొరాయించడం, రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చెప్పాలి. మనవడిని చూడగానే భోరున ఏడ్చి, మరుక్షణం మామూలయ్యే మనిషిది వేరే సమస్య, అది మెదడులో అదుపు తప్పిన ఏడుపు, దానికీ మందులున్నాయి. దిగులు లేకపోయినా కాలూచేయీ త్వరగా వస్తాయని ఫ్లూయాక్సెటిన్ అనే దిగులు మందు వాడే పద్ధతిని 3,127 మంది మీద పరీక్షించిన బ్రిటన్ పరిశోధకులు, కోలుకోవడంలో తేడా లేదనీ, ఎముకలు విరగడం ఎక్కువైందనీ 2018లో తేల్చారు.

మందులు, కుటుంబం చేయగలిగినది

కుటుంబానికే శిక్షణ ఇచ్చి ఇంట్లో కసరత్తులు చేయిస్తే సరిపోతుందా అన్న ప్రశ్నను భారతదేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో అటెండ్ అనే పరీక్ష ద్వారా చూశారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, ఆరు నెలలకు, కుటుంబానికి ఈ శిక్షణ ఇచ్చిన వర్గంలోనూ ఇవ్వని వర్గంలోనూ 47 శాతం మంది చనిపోవడమో ఇతరుల మీద ఆధారపడటమో జరిగింది. కుటుంబం శ్రమ వృథా అని దీన్ని చదవకూడదు. ఆ శ్రమ ఫిజియోథెరపిస్టుకు ప్రత్యామ్నాయం కాదని చదవాలి. వారానికి ఒక్కసారైనా నిపుణుడు చూసి, కసరత్తులు మార్చి, ఇంట్లోవాళ్ళు మిగతా రోజులు వాటిని నడిపించడం నా దృష్టిలో పెట్టదగిన ఖర్చు.

నాటుమందు వల్ల జరిగే అసలు హాని చాలాసార్లు ఆ మందులో ఉండదు, దానితో పాటు విధించే పథ్యంలో ఉంటుంది: "ఇంగ్లీషు మందులు ఆపితేనే ఇది పనిచేస్తుంది" అన్న షరతుతో బీపీ బిళ్ళ, రక్తం పలుచబడే బిళ్ళ ఆగిపోతాయి, రెండో పక్షవాతం వస్తుంది. బిళ్ళలు ఆపవద్దు. వారానికి రెండుసార్లు బీపీ చూసి నోటుపుస్తకంలో తేదీతో రాయండి. మూతి కొత్తగా వంకరపోయినా, చెయ్యి కొత్తగా వాలిపోయినా, మాట తడబడినా, అది మొదట కనిపించిన గంట రాసుకుని 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కనుక డాక్టరు మొదట అడిగేది ఆ గంటే.

వైకల్య ధ్రువపత్రం గురించి క్లుప్తంగా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో కాలూచేతుల వైకల్యంతో పాటు, మెదడు దెబ్బతిని మాట పోవడం కూడా ఉంది. చాలా కుటుంబాలు చేతిని మాత్రమే చూపించి, మాట సంగతి ఆ పత్రం ఇచ్చే మెడికల్ బోర్డు ముందు ప్రస్తావించవు. 40 శాతం, అంతకు మించి అని తేలితే చాలా ప్రయోజనాలకు అర్హత వస్తుంది. స్కానులు, డిశ్చార్జి సమ్మరీ, స్పీచ్ థెరపిస్టు నివేదిక వెంట ఉంచుకోవాలి.

పరిశోధనలో చేరమని అడిగితే

పెద్ద బోధనాసుపత్రుల్లో "ఒక స్టడీ జరుగుతోంది, చేరతారా" అని అడగడం మామూలే. పైన చెప్పిన ప్రతి ఫలితమూ ఇలా ఒప్పుకున్న కుటుంబాల వల్లే వచ్చింది కాబట్టి బెదిరిపోనవసరం లేదు, కానీ చదవకుండా సంతకం చేయనవసరమూ లేదు. సమాచార పత్రం తెలుగులో అడగండి. ఎథిక్స్ కమిటీ (రోగుల క్షేమం, హక్కులు చూసే సంఘం) అనుమతి ఉందా, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో (ఇలాంటి పరీక్షలను నమోదు చేసే జాబితాలో) నమోదు సంఖ్య ఎంత, ఏ వర్గంలో వేస్తారో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారా, అదనపు పరీక్షల ఖర్చు ఎవరిది, హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరు ఇస్తారు అన్నవి విడివిడిగా అడగాలి. రోగికి మాట రాకపోయినా అర్థం చేసుకోగలిగితే, అతని తలూపు లేకుండా మీరొక్కరే ఒప్పుకోవద్దు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు, తప్పుకున్నంత మాత్రాన మామూలు వైద్యం ఆగకూడదు. ఈ మాట పత్రంలో ఉందో లేదో చూసుకుని, సంతకం చేసిన ప్రతి ఒకటి తీసుకుని, ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయవలసిన డాక్టరు నంబరును బీపీ రాసే నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.